పెట్టెలో దొరికిన ఫిడేలు: వయసెంత, విలువెంత?

కిందటి వర్షాకాలంలో జంషెడ్‌పూర్ వెళ్ళాను. కద్మాలో ఉండే మా బాబాయి రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, విశాఖలో కూతురి దగ్గరికి మారిపోతున్నారు. సామాను సర్దుతుంటే అటక మీద నుంచి రెండు వస్తువులు దిగాయి. ఒకటి నల్లటి చెక్క పెట్టెలో ఫిడేలు. రెండోది పాత వార్తాపత్రికల్లో చుట్టిన జపాన్ టీ సెట్టు. రెండూ తాతగారివే. ఆయన శ్రీకాకుళం పక్క పల్లె నుంచి ‘టాటా’కి వచ్చి కార్ఖానాలో చేరారు. ఆ ఊరిని ఉత్తరాంధ్ర వాళ్ళు ఇప్పటికీ టాటా అనే అంటారు. రాకముందు విజయనగరంలో కొన్నాళ్ళు ఫిడేలు నేర్చుకున్నారట. 1919లో అక్కడ సంగీత కళాశాల మొదలైంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అందులో వయొలిన్ బోధించారు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఫిడేలు మీద చెయ్యి వేయాలనుకోని కుర్రాడు ఉండేవాడు కాదేమో.

బాబాయి టార్చి వేసి, ‘ఎఫ్’ ఆకారపు రంధ్రంలోంచి లోపలికి చూడమన్నారు. వెనక చెక్కకు అంటించిన పసుపు కాగితం మీద లాటిన్‌లో అచ్చు: క్రెమోనాకు చెందిన ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ 1721లో దీన్ని చేశాడు.

“ఏటమ్మా, ఫిజిక్స్ చదివినదానివి. ఇది అదేనా?” అన్నారు.

ఆయన ఆత్రానికి కారణం ఉంది. ఫోటోలు చూసి ఇద్దరు మనుషులు ఫోన్ చేశారు. ఒకాయన రెండూ కలిపి నలభై వేలు ఇస్తానన్నాడు. రెండో ఆయన ఇది కోట్ల విలువైనదనీ, ముందు పద్దెనిమిది వేలు పంపితే ‘అసలుదని సర్టిఫికెట్’ ఇప్పిస్తాననీ చెప్పాడు. ఆదివారంలోగా ఏదో ఒకటి తేల్చాలి. మొదటివాడు దోచుకుంటున్నాడనీ, రెండోవాడు దేవుడనీ ఇంట్లో అందరి అభిప్రాయం.

చీటీ ఏం చెబుతుంది?

ఆంటోనియో స్ట్రాడివారి ఇటలీలోని క్రెమోనాలో పనిచేసి 1737లో చనిపోయాడు. ఆయన చేతివి సుమారు 650 వాయిద్యాలు మిగిలి ఉన్నాయని అంచనా. వాటిలో దాదాపు ప్రతిదానికీ ఒక పేరు, యజమానుల వరుస, కొలతలు, ఫోటోలు ఉన్నాయి. ఆయన పేరున్న చీటీలు మాత్రం లక్షల్లో ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలోని మార్క్‌నోయ్‌కిర్షెన్, దాని పొరుగున బొహీమియాలోని షోన్‌బాఖ్ పట్టణాలు ప్రపంచమంతటికీ ఫిడేళ్ళు పంపేవి. ఒక ఇంట్లో మెడలు చెక్కేవారు, మరో ఇంట్లో పొట్ట చెక్కలు, ఇంకోచోట బిరడాలు. వ్యాపారి అన్నీ కలిపించి, చీటీ అంటించి ఓడెక్కించేవాడు. స్ట్రాడివేరియస్ అని రాస్తే ‘ఆ నమూనాలో చేసింది’ అని అర్థం. అప్పట్లో కొన్నవాళ్ళకు అది తెలుసు, మోసం అనుకోలేదు. వందేళ్ళు గడిచి ఆ కొన్నవాళ్ళు పోయాక, చీటీ ఒక్కటే మాట్లాడటం మొదలుపెట్టింది.

1721 అనే అంకె కూడా జాగ్రత్తగా చూడాల్సిందే. ‘లేడీ బ్లంట్’ అనే ప్రసిద్ధ స్ట్రాడివారి వయొలిన్ ఆ ఏడాదిదే. 2011లో అది 1.59 కోట్ల డాలర్లకు వేలంలో అమ్ముడైంది. దాన్ని అమ్మింది జపాన్‌కు చెందిన నిప్పన్ మ్యూజిక్ ఫౌండేషన్. ఆ మార్చిలో వచ్చిన భూకంపం, సునామీ బాధితుల సహాయానికి ఆ డబ్బు ఇచ్చారు. మా తమ్ముడు చీటీ మీది అంకెను నెట్‌లో కొడితే ముందు వచ్చింది ఈ వార్తే. ఇంట్లో నిద్రలు పోవడానికి అది చాలు.

పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని రంధ్రంలోంచి దించి, చీటీ అడుగు భాగం చూశాను. బూజు కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు: ‘మేడ్ ఇన్ జర్మనీ’. 1887లో బ్రిటన్ తెచ్చిన సరుకు గుర్తుల చట్టం జర్మనీ సరుకు మీద ఈ ముద్ర పడటానికి దారితీసింది. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ సుంకాల చట్టం, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండి తీరాలంది. కాబట్టి ఆ చీటీ అంతకుముందుది కావడం దాదాపు అసాధ్యం. అయితే ఇది చీటీ వయసు మాత్రమే. పాత ఫిడేలుకు కొత్త చీటీ, కొత్త ఫిడేలుకు పాత చీటీ అంటించడం చాలా సులువు. చెక్కను అడగాలి.

చెక్కలో రాసి ఉన్న ఏళ్ళు

ఫిడేలు ముందు పలకను స్ప్రూస్ కలపతో చేస్తారు. చల్లటి కొండల్లో పెరిగే ఈ చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. వసంతంలో లేతరంగు, వేసవి చివర్లో ముదురు గీత. మంచి ఏడాది వలయం వెడల్పుగా, కరువు లేదా చలి ఏడాది ఇరుకుగా ఉంటుంది. ఒకే ప్రాంతంలోని చెట్లన్నీ ఒకే వాతావరణాన్ని చూస్తాయి కాబట్టి వాటి ఇరుకు వెడల్పుల వరుస ఒకేలా నడుస్తుంది. దుకాణంలో బార్‌కోడ్ లాంటిదే అనుకోండి. ఆల్ప్స్ పర్వతాల చెట్లకు శతాబ్దాల పొడవున ఇలాంటి వరుసలు సిద్ధంగా ఉన్నాయి. ఫిడేలు పలకను స్కాన్ చేసి, వలయాల వెడల్పులను మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి, ఆ వరుసను పాత వరుస పక్కన ఒక్కో ఏడాదీ జరుపుతూ పోతే, ఒకచోట రెండూ చక్కగా అతుక్కుంటాయి. ఆ పోలిక యాదృచ్ఛికం కాదని గణాంకాలతో నిర్ధారిస్తారు. అప్పుడు పలకలోని చివరి వలయం ఏ ఏడాదిదో తెలుస్తుంది.

ఈ పద్ధతి చెప్పేది ఒక్కటే: వాయిద్యం ఆ ఏడాది కంటే ముందు తయారై ఉండదు. తర్వాత ఎప్పుడు తయారైందో చెప్పదు. పాత దూలంతో నిన్న కూడా ఫిడేలు చేయవచ్చు. అంటే ఇది అబద్ధాన్ని పట్టుకోగలదు గానీ నిజాన్ని ఒంటరిగా నిరూపించలేదు. దీనికి చక్కటి ఉదాహరణ ‘కార్–కూసెవిట్జ్‌స్కీ’ అనే డబుల్ బాస్. అది 1611లో అమాటి సోదరులు చేసినదని చాలాకాలం నమ్మారు. వలయాలు లెక్కిస్తే చివరిది 1761 నాటిది! నూట యాభై ఏళ్ళు ఒక్క స్కాన్‌తో ఎగిరిపోయాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న ‘మెసయ్య’ స్ట్రాడివారి కథ దీనికి తలకిందులు. 1716 నాటిదని చెప్పే ఆ వాయిద్యం మరీ కొత్తగా మెరుస్తుండటంతో 1990ల చివర్లో అనుమానాలు వచ్చాయి. చివరి వలయం స్ట్రాడివారి చనిపోయిన తర్వాతిదని ఒక అభిప్రాయం వెలువడింది. పెద్ద గొడవే జరిగింది. తర్వాత వేర్వేరు బృందాలు మళ్ళీ కొలిచి, చివరి వలయం 1680లదని తేల్చాయి. అనుమానం వీగిపోయింది. కానీ ‘ఇది ఆయనే చేశాడు’ అన్న మాట చెప్పాల్సింది మళ్ళీ పనితనం తెలిసిన కళ్ళే.

కార్బన్ డేటింగ్ చేయిస్తే సరిపోదా అని బాబాయి అడిగారు. నన్ను ఈ ప్రశ్న అడగని చుట్టం లేడు. కార్బన్-14 అర్ధజీవితం 5,730 ఏళ్ళు. మూడు వందల ఏళ్ళలో తరిగేది 3.6 శాతమే. ఆ మాత్రం తేడాను నేటి యంత్రాలు కొలవగలవు. చిక్కు వేరేచోట ఉంది. 1650 నుంచి 1950 దాకా గాలిలో కార్బన్-14 మోతాదు నిలకడగా లేదు. సూర్యుడి చురుకుదనం మారడం వల్ల ఒకసారి, బొగ్గు కాల్చడం వల్ల ఇంకోసారి పైకీ కిందికీ ఊగింది. ఫలితంగా ఒకే కొలతకు 1680, 1760, 1900 లాంటి రెండు మూడు జవాబులు వస్తాయి. ఫిడేళ్ళ చరిత్రలో చాలా భాగం ఆ మూడు వందల ఏళ్ళలోనే ఉంది, మన ఖర్మ. ఒక్క సందర్భంలో మాత్రం ఇది తిరుగులేని సాక్ష్యం. 1950లు, 60లలో జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. ఆ తర్వాత పెరిగిన చెట్టు కలప అయితే వెంటనే దొరికిపోతుంది.

లక్క కథ

మా దగ్గర స్కానర్లూ, ఆల్ప్స్ వరుసలూ లేవు. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి ఒకటి నా సంచిలో ఉంటుంది. గది చీకటి చేసి దాన్ని వేశాను. అతినీలలోహిత కిరణాన్ని పీల్చుకున్న అణువు, అందులో కొంత శక్తిని లోపలే ఖర్చుపెట్టి, మిగిలినదాన్ని కంటికి కనిపించే కాంతిగా వదులుతుంది. ఏ పదార్థం ఏ రంగులో వెలుగుతుందన్నది దాని రసాయనాన్ని బట్టి ఉంటుంది. ఫిడేలు ఒళ్ళంతా నారింజ రంగులో వెలిగింది. మెడ దగ్గరా, కింది అంచునా రెండు మచ్చలు మాత్రం నల్లగా ఉండిపోయాయి. నారింజ వెలుగు లక్కకు గుర్తు. నల్లటి మచ్చలు ఎవరో తర్వాత వేసిన రంగు పూతలు.

క్రెమోనా పనివాళ్ళ వార్నిష్‌ను ఫ్రాన్స్‌లో జాన్-ఫిలిప్ ఎషార్ బృందం పొరలు పొరలుగా పరీక్షించింది. ఎండే నూనె, చెట్టు బంక, కొద్దిగా రంగులు తప్ప రహస్యమేమీ కనిపించలేదని 2009లో ప్రకటించింది. లక్కను స్పిరిట్‌లో కరిగించి త్వరగా ఆరే వార్నిష్ పూయడం తర్వాతి కాలపు ఫ్యాక్టరీ పద్ధతి. ఒళ్ళంతా లక్క కనిపిస్తే, అది జర్మనీ సరుకైనా కావాలి, లేదా ఎవరో పాత పూత మీద మెరుగు పెట్టి ఉండాలి. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. లక్క మన దేశపు అడవి పంట. పలాశ, కుసుమ, రేగు కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే గూడు అది. దేశంలో అత్యధికంగా పండించేది ఈ జార్ఖండే. రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థ పెట్టారు. ఛోటానాగపూర్ అడవి నుంచి కలకత్తా మీదుగా ఐరోపాకు వెళ్ళిన లక్కే జర్మన్ ఫిడేలు మీద పూతై, తిరిగి ఓడెక్కి, ఇదే ఊళ్ళో ఒక అటక మీదికి చేరి ఉండవచ్చు. ఈ మాట చెబితే, అప్పటిదాకా దిగులుగా ఉన్న పిన్ని నవ్వింది.

మిగతా పని అద్దంతో అయిపోయింది. మంచి ఫిడేలు లోపల నాలుగు మూలలా చిన్న దిమ్మలు ఉంటాయి. దీంట్లో లేవు. ముందు పలక కింద పొడవుగా ఉండే బాస్ బార్‌ను విడిగా చేసి అతికించాలి. ఇందులో పలకను తొలిచేటప్పుడే ఆ గట్టును వదిలేశారు. అంచు చుట్టూ ఉండే నల్లటి జంట గీత పలకలో పొదిగిన సన్నటి చెక్క కాదు, సిరాతో గీసినది. షోన్‌బాఖ్ చుట్టుపక్కల గంపగుత్తగా తయారైన చవక వాయిద్యాల లక్షణాలివి. సుమారు వందేళ్ళ కిందటిది, నిజాయితీగా చేసిన బజారు ఫిడేలు.

పాతది బాగా పలుకుతుందా?

“మరి నాన్నగారు వాయిస్తే వీధంతా ఆగిపోయేది కదా” అన్నారు బాబాయి. ఆయన మాట నేను కొట్టేయను. పలుకుకూ ధరకూ ఉన్న సంబంధం మనం అనుకునేంత గట్టిది కాదు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ ఒక ప్రయోగం చేశారు. 21 మంది వయొలినిస్టులను హోటల్ గదిలోకి పిలిచి, వెల్డింగ్ చేసేవాళ్ళ కళ్ళద్దాలు పెట్టి, మూడు పాత ఇటాలియన్, మూడు కొత్త వాయిద్యాలు వాయించమన్నారు. అందరికన్నా ఎక్కువ ఓట్లు కొత్త వాటిలో ఒకదానికి పడ్డాయి. అందరికన్నా తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివారి! హోటల్ గదిలో ఏం తెలుస్తుందని విమర్శలు వస్తే, 2012లో పారిస్‌లో పది మంది పేరున్న సోలో కళాకారులతో, ఆరు పాత, ఆరు కొత్త వాయిద్యాలతో, కచేరీ హాలులో కూడా మళ్ళీ చేశారు. పదిమందిలో ఆరుగురు కొత్త వాటినే ఎంచుకున్నారు. ఏది పాతదో ఊహించమంటే బొమ్మాబొరుసు వేసినంతగానే చెప్పగలిగారు.

కాబట్టి కోట్ల ధర శబ్దానికి కాదు. ఎవరు చేశారన్న నమ్మకానికి, ఎవరి చేతులు మారిందన్న కాగితాలకు, పగుళ్ళూ మార్పులూ లేని స్థితికి, ఆ రోజు గదిలో ఎందరు కొనేవాళ్ళు ఉన్నారన్నదానికి. 2022లో 1.53 కోట్ల డాలర్లకు అమ్ముడైన ‘డా విన్చి’ స్ట్రాడివారి జపాన్‌లో కర్రీ హోటళ్ళ వ్యాపారం చేసిన ఒక సంగీతాభిమాని దగ్గరిది. అలాంటివాళ్ళు ప్రపంచంలో కొద్దిమందే. ఇద్దరు పోటీపడితే ధర పెరుగుతుంది, ఒక్కరే ఉంటే ఆగిపోతుంది. భౌతికశాస్త్రం చేయగలిగింది ఆ నమ్మకంలో అబద్ధం ఎంతో కొలవడం వరకే.

కప్పు అడుగున ముఖం

టీ సెట్టు దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. కప్పును దీపానికి ఎదురుగా పట్టుకుంటే అడుగున ఒక జపాన్ స్త్రీ ముఖం కనిపిస్తుంది. దించితే మాయమవుతుంది. పింగాణీ పలచగా ఉన్నచోట కాంతి ఎక్కువగా, మందంగా ఉన్నచోట తక్కువగా దూరుతుంది. మందం మారుస్తూ అచ్చు పోస్తే చాలు, రంగు అక్కర్లేదు. దీన్ని లిథోఫేన్ అంటారు. కింద ‘మేడ్ ఇన్ జపాన్’ ముద్ర ఉంది. ఇక్కడా అదే మెకిన్లీ చట్టం ఉపయోగపడుతుంది. ఆ చట్టం తర్వాత జపాన్ సరుకు మీద ‘నిప్పన్’ అని రాసేవారు. 1921 నుంచి అమెరికా అది ఒప్పుకోక ‘జపాన్’ అనే రాయమంది. యుద్ధం తర్వాత కొన్నేళ్ళు, 1952 దాకా, ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర కనిపిస్తుంది. సేకరించేవాళ్ళు ఆ ఒక్క మాట కోసం వెతుకుతారు. మాది అది కాదు. ముద్దొచ్చే కప్పులే గానీ, ఇలాంటివి లక్షల్లో తయారయ్యాయి. ధర పలికితే కొన్ని పదుల డాలర్లు. అంచు చెక్కిందా, అదీ లేదు.

జపాన్ పాత వస్తువులు అనగానే ఉక్కు ఊళ్ళో నాకు గుర్తొచ్చేది కత్తి. 1944లో ఇంఫాల్, కోహిమాల పోరాటాలు, మరుసటి ఏడాది లొంగుబాట్ల తర్వాత జపాన్ అధికారుల కత్తులు మన సైనికుల చేతికి వచ్చాయి. కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. వాటిలో చాలావరకు యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో మిల్లు ఉక్కుతో చేసి నూనెలో ముంచి గట్టిపరచినవి. అక్కడక్కడ మాత్రం ఒక కుటుంబం తరతరాలుగా దాచిన పాత అలుగుకే సైనిక పిడి తొడిగి ఉంటుంది. తేడా ఎలా పట్టాలి? అసలైన కత్తి ఉక్కు, తమహగానె, ఇనుప ఇసుకనూ కట్టెబొగ్గునూ మూడు రాత్రులు కాల్చి తీసినది. అందులో మాంగనీస్ నామమాత్రం. మిల్లు ఉక్కులో మాంగనీస్ కావాలనే కలుపుతారు. కార్ఖానాల్లో వాడే ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ యంత్రం ఈ తేడాను కత్తికి గీత పడకుండా చెప్పేస్తుంది. ఇంకో చిత్రం ఉంది. కట్టెబొగ్గు చెట్టు నుంచి వచ్చింది కాబట్టి ఆ ఉక్కులోని కార్బన్‌లో కార్బన్-14 ఉంటుంది. కోక్ కోట్ల ఏళ్ళ నాటి బొగ్గు నుంచి వచ్చింది కాబట్టి అందులో ఒక్క అణువు కూడా మిగలదు. 1912లో ఈ ఊళ్ళో పోసిన మొదటి దిమ్మె నుంచి కోక్ కొలిమి ఉక్కంతా, కార్బన్ గడియారం ముందు పెడితే, ఆ గడియారం కొలవగలిగిన హద్దు కంటే పాతదిగా కనిపిస్తుంది. ఇనుముకు కార్బన్-14 పరీక్ష చేసే పద్ధతిని 1960ల్లో వాన్ డర్ మెర్వ అనే శాస్త్రవేత్త అభివృద్ధి చేశాడు.

పిడి లోపల దాగే తోకను నకగో అంటారు. తయారుచేసినవాడి సంతకం దాని మీదే చెక్కుతారు. ఫిడేలు చీటీలాగే ఈ సంతకాలకూ దొంగవి లెక్కలేనన్ని. కానీ నకగో మీది తుప్పు శతాబ్దాల పాటు నిదానంగా, పొరలుగా, ముదురు గోధుమ రంగులో ఏర్పడుతుంది. సంతకం గాడిలోని తుప్పు చుట్టూ ఉన్న తుప్పులాగే ఉందా లేదా అన్నది నిపుణులు మొదట చూసే విషయం. ‘శుభ్రం చేద్దాం’ అని ఎమెరీ కాగితంతో రుద్దినవాడు ఆ సాక్ష్యాన్ని ఐదు నిమిషాల్లో చెరిపేస్తాడు. ఫిడేలుకు కొత్త వార్నిష్ వేయించినా అంతే. ఇంట్లో ఇలాంటి కత్తి ఉంటే ఆయుధాల చట్టం కింద అనుమతి సంగతి ముందు జిల్లా కార్యాలయంలో కనుక్కోవాలి.

చట్టం మాట వచ్చింది కాబట్టి: వందేళ్ళు దాటిన కళావస్తువు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి రావచ్చు, దాన్ని విదేశానికి పంపడం ప్రైవేటు వ్యక్తుల పని కాదు. జపాన్ బొమ్మలోనో, కమాను కొనలోనో ఏనుగు దంతం ఉంటే, మన దేశంలో దాని క్రయవిక్రయాలే నేరం. పాతదైనా సరే.

ఆదివారం

బాబాయికి నేను చెప్పిన లెక్క ఇది. ఇలాంటి జర్మన్ బజారు ఫిడేలు బాగున్న స్థితిలో కొన్ని వందల డాలర్లు చేస్తుంది. పనితనం మేలుగా ఉన్నవి ఒకటి రెండు వేల దాకా వెళతాయి. మనదానికి కింది అంచు ఊడింది, రెండు బిరడాలు జారుతున్నాయి, కమాను వెంట్రుకలు పురుగు తినేసింది. బాగుచేయడానికయ్యేది ధరలో పెద్ద భాగమే తినేస్తుంది. అంటే నలభై వేలన్నవాడు దోచుకోవడం లేదు, కాస్త ఉదారంగానే ఉన్నాడు. పద్దెనిమిది వేలు ముందు పంపమన్నవాడి సంగతే చూడాలి. విలువ కట్టేవారు పనికి రుసుము తీసుకోవచ్చు, అందులో తప్పులేదు. కానీ వస్తువును చేతిలోకి తీసుకోకుండా, ఫోటో చూసి ‘అసలుదే’ అని ముందే తేల్చినవాడు కొలిచింది వస్తువును కాదు, మన ఆశను.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నలభై వేలాయనకు ఫోన్ చేసి, టీ సెట్టు కావాలంటే తీసుకోమనీ, ఫిడేలు అమ్మడం లేదనీ చెప్పారు. ఆయన కప్పులు వద్దన్నాడు.

విశాఖ ప్రయాణానికి ఫిడేలును ఇద్దరం కలిసి సర్దాం. నాలుగు తీగలూ ఒకేసారి తీసేయకూడదు; లోపల నిలబడిన సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్రకు జిగురు ఉండదు, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే కొద్దిగా సడలించి, బ్రిడ్జి కింద మెత్తటి గుడ్డ పెట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేశాం. స్ట్రాడివేరియస్ చీటీ పీకేయనా అని అడిగారు బాబాయి. ఉంచమన్నాను. కలకత్తాలో తాతగారు దీన్ని కొన్నప్పుడూ అది అక్కడే ఉంది కదా.